దంతవైద్యుని యొద్దకు పోవుటకు భయమేల?

ఒక గీత కార్మికుడు దంతవైద్యశాలకు వచ్చెను. వయస్సు నలుబది దాటినది. ఇరువది యేండ్లుగా మోకు ముత్తాదు కట్టి, ఉదయమునను సాయంకాలమునను తాటిచెట్లెక్కి కల్లు దించుచున్న మనిషి. ఎడమ బుగ్గ వాచి, ఆ వైపు కంటి క్రింది రెప్ప ఉబ్బి, కన్ను సగము మూసికొని పోయినది. మూడు రాత్రులుగా నిద్ర లేదు. భార్య చేయి పట్టుకొని తీసికొని రాగా వచ్చినాడే గాని, తానై వచ్చినవాడు కాడు. కుర్చీ చూపి కూర్చుండుమనగా గడప యొద్దనే నిలిచిపోయెను. కాళ్ళు వణకుచుండెను.

"అంత ఎత్తు చెట్టెక్కే వానికి ఈ కుర్చీ అంటే భయమా?" యని వైద్యుడు నవ్వుచు నడిగెను.

"చెట్టు నా చేతుల ఉంటది సారూ. గీ కుర్చీల నేను మీ చేతుల ఉంట" అని ఆతడు బదులు చెప్పెను.

దంతవైద్యమును గూర్చిన భయము యొక్క మూలమంతయు ఈ ఒక్క మాటలో నున్నది. నొప్పి యొక్కటే కారణమైనచో, మూడు రాత్రులు నొప్పి ననుభవించినవాడు నొప్పిని తీయువానిని చూచి వెనుకకు తగ్గడు. వెల్లకిల పండుకొని, నోరు తెరచి, మాటాడ వీలు లేక, ఎదుటివాడేమి చేయుచున్నాడో తనకు కనబడక యుండు ఆ స్థితియే మనుష్యుని బెదరించును. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. చదువుకొన్నవారును, పట్టణవాసులును, ఉద్యోగులును ఈ భయమునకు లోనగుచునే యున్నారు. వైద్యులు దీనిని తేలికగా త్రోసివేయలేదు. 1969లో నార్మన్ కోరా అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ భయమును కొలుచుటకు నాలుగు ప్రశ్నలు గల కొలబద్ద నొకదానిని సిద్ధపరచెను. రేపు దంతవైద్యుని యొద్దకు పోవలెనన్న మీ కెట్లుండును? వేచియుండు గదిలో నెట్లుండును? కుర్చీలో కూర్చుండగా వైద్యుడు మరను సిద్ధము చేయుచున్నపుడు? పండ్లు శుభ్రపరచుటకు పనిముట్లు తీయుచున్నపుడు? ఈ ప్రశ్నలకు చెప్పు సమాధానములను బట్టి 4 మొదలు 20 వరకు గుణములు వేయుదురు. జ్వరమును కొలిచినట్లే భయమును గూడ కొలువవచ్చుననియు, దానికి తగిన చికిత్స చేయవచ్చుననియు దీని వలన తేలినది.

ఇక ఆ గీత కార్మికుని కథకు వత్తము. పది నెలల క్రిందట చల్లని నీరు త్రాగినపుడు ఎడమవైపు పై పన్ను జివ్వుమనెను. కొన్ని వారములకు వేడి తగిలినను బాధ కలిగెను. పిమ్మట రాత్రులందు పోటు మొదలాయెను. లవంగనూనెలో ముంచిన దూదియు, మందుల దుకాణములో నిచ్చిన మాత్రలును కొన్నాళ్ళు గడపినవి. తరువాత ఒకనాడు నొప్పి తనంతట తానే ఆగిపోయినది. "పీడ వదలినది" అని సంతోషించెను. అంతకు ముందొకసారి ఆసుపత్రికి బయలుదేరబోగా, పై పన్ను తీయించుకొన్నచో కంటిచూపు పోవునని బంధువొకడు చెప్పియుండెను. ఆ మాటయు మనస్సులో నాటుకొనినది. కన్ను పోవునని భయపడి పన్ను తీయించనివాని కన్ను, పన్ను తీయించనందుననే ఈనాడు మూతపడినది.

ఇట్లేల జరిగెనో తెలిసికొనవలెనన్న పన్ను యొక్క నిర్మాణము కొంచెము తెలియవలెను. పంటికి పైన పింగాణి పొర యున్నది. మన శరీరములో దానికంటె గట్టి పదార్థము వేరొకటి లేదు. దానిలో నరములు లేవు. కావున పుచ్చు ఆ పొరలో నున్నంతకాలము మనకేమియు తెలియదు. అద్దములో చూచుకొన్నచో ఒక తెల్లని మచ్చయో, నల్లని గీతయో కనబడవచ్చును, అదియు కనబడకపోవచ్చును. ఆ పొర క్రింద డెంటిన్ అను రెండవ పొర. దీనిలో కంటికి కనబడని సన్నని గొట్టములు వేలకొలది యుండి లోపలి నరము వరకు పోవును. పుచ్చు ఇచటికి చేరినపుడు చల్లదనము, తీపి తగిలి జివ్వుమనును. అన్నిటికంటె లోపల, నరములును రక్తనాళములును గల మెత్తని గుజ్జు ఉన్నది. పుచ్చు ఈ గుజ్జును ముట్టినప్పుడే రాత్రి నిద్రలేని పోటు. గుజ్జు వాచును, కాని చుట్టును గట్టి గోడలుండుటచే వాపునకు చోటు లేదు. పంటి పోటు అంత దుర్భరముగా నుండుటకు కారణ మిదియే. కొన్నాళ్ళకు ఆ గుజ్జు చచ్చిపోవును. నరము చచ్చిన పిదప నొప్పి యుండదు. మనవాడు తగ్గినదని సంతోషించినది ఈ దశలోనే. వ్యాధి మాత్రము ఆగలేదు. వేరు చివర గుండా ఎముకలోనికి దిగి, అచట చీము పట్టి, బుగ్గకును కంటి క్రిందికిని ప్రాకినది.

మొదటి దశలో వచ్చినవానికి జరుగు చికిత్స పుచ్చును తీసి సిమెంటు నింపుట మాత్రమే. పుచ్చు లోతుగా లేనిచో మత్తు సూది యవసరమే రాకపోవచ్చును. రెండవ దశ ముదిరి గుజ్జు చెడినవానికి వేరు వైద్యము చేయవలసి యుండును. జనులు దీనిని రూట్ కెనాల్ అనుచున్నారు. దానికి సూదియు, కొన్నిమార్లు రెండు మూడు పర్యాయములు వచ్చుటయు తప్పదు. చీము పట్టిన పిదప వచ్చినవానికి ఇంకొక చిక్కు కలదు. చీము పట్టిన కండలో ఆమ్లగుణము హెచ్చియుండును. ఆమ్లమున్న చోట మత్తుమందు నరములోనికి బాగుగా చొరజాలదు. అందుచేత సూది వేసినను పూర్తిగా మొద్దుబారకపోవచ్చును. "మా మామకు సూది వేసినా నొప్పి పోలేదట, అందుకే నేను పోను" అని చెప్పువారి మాట పలుమారు నిజమే. కాని ఆ మామగారు భయపడి ఎంత ఆలస్యముగా పోయినారో ఆ కథ చెప్పువారు చెప్పరు. ఇట్టి సందర్భములలో వైద్యుడు చీమునకు దూరముగా నరము మొదటి యొద్ద సూది వేయుటయో, ముందు చీమును వెడలించి మందులిచ్చి పిమ్మట పన్ను తీయుటయో చేయును.

మన పెద్దల భయము మాత్రము నిరాధారమైనది కాదు. బెలూచిస్తానములోని మెహర్‌గఢ్ అను ప్రాచీన గ్రామ స్థలమున త్రవ్వకములలో దొరకిన పండ్లను పరిశీలించి, 2006లో శాస్త్రజ్ఞులొక విశేషమును ప్రకటించిరి. 9,000 మొదలు 7,500 సంవత్సరముల క్రిందటి తొమ్మిదిమంది మనుష్యుల పదునొకండు పండ్లకు చెకుముకి రాతి మొనతో రంధ్రములు చేయబడియున్నవి. అంచులు అరిగియుండుటచే, రంధ్రములు చేసిన పిదపను వారు జీవించి ఆ పండ్లతోనే నమలిరని తెలియుచున్నది. మత్తుమందు మాట అటుంచి, లోహపు పనిముట్టు సైతము లేని కాలము! ఆ తరువాత వేలకొలది సంవత్సరములు దంతవైద్యమనగా పటకారు, బలమైన చేయి, గట్టిగా పట్టుకొను నలుగురు మనుష్యులు.

మార్పు వచ్చినది 1844లో. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరమున హొరేస్ వెల్స్ అను దంతవైద్యుడు వినోద ప్రదర్శనమున కేగెను. అచట నవ్వు పుట్టించు వాయువును, అనగా నైట్రస్ ఆక్సైడును, పీల్చిన ఒకడు కాలికి దెబ్బ తగిలినను గమనింపక యుండుట చూచెను. మరునాడు, డిసెంబరు 11వ తేదీన, ఆ వాయువును తానే పీల్చి, తన పన్నునే తోటి వైద్యునిచే తీయించుకొనెను. బాధ తెలియలేదు. తరువాత 1845లో బోస్టను నగరమున వైద్యుల యెదుట ప్రదర్శింపబోగా వాయువు చాలక రోగి కేక వేసెను. చూచినవారు వెల్స్‌ను గేలిచేసిరి. అయినను మార్గము తెరువబడినది. మరుసటి సంవత్సరము, 1846లో, విలియం మోర్టన్ అను మరియొక దంతవైద్యుడు అదే నగరమున ఈథరుతో నొప్పి లేని శస్త్రచికిత్సను నిరూపించెను. ఈనాడు ఎల్లెడల శస్త్రచికిత్సలో వాడు మత్తు విద్యకు తొలి అడుగు వేసినవారు దంతవైద్యులే యన్నది జనులు మరచిన సంగతి.

ఇప్పుడు సాధారణముగా వాడు మత్తుమందు లిడోకేను. 1943లో స్వీడను దేశమున నిల్స్ లోఫ్‌గ్రెన్ దీనిని తయారుచేసెను. 1948లో వాడుకలోనికి వచ్చెను. మనిషికి తెలివి తప్పదు. సూది వేసిన చోటు మాత్రమే మొద్దుబారును. ఇక పెక్కుమందిని హడలగొట్టు మర మాట. పూర్వము కాలితో త్రొక్కుచు త్రిప్పు మరలుండెడివి; తరువాత పట్టాతో తిరుగు విద్యుత్తు మరలు వచ్చినవి. అవి నెమ్మదిగా తిరుగుచు పన్నంతయు అదరగొట్టెడివి. 1957లో వచ్చిన గాలి మర నిమిషమునకు సుమారు 3,00,000 చుట్లు తిరుగును. నీటి తుంపర దానిని చల్లబరచుచుండును. దాని కీచుధ్వని మాత్రము వినుటకు బాగుండదు. శబ్దమునకును బాధకును సంబంధము లేదని ముందే తెలిసికొన్నచో సగము భయము తగ్గును. మన తాతలు చెప్పిన కథలు పాత మరల నాటివి. ఆ కథలే నేటి పిల్లలకును చెప్పబడుచున్నవి.

కుర్చీలో ఏమి జరుగును?

మొదటి దినము సాధారణముగా పరీక్ష మాత్రమే జరుగును. చిన్న అద్దము, ఒక సన్నని పుల్లవంటి పనిముట్టు, అవసరమైనచో ఎక్స్‌రే. బహుగా భయపడువారు "ఈనాడు చూపించుకొనుటకు మాత్రమే వచ్చితిని, ఏమియు చేయవలదు" అని చెప్పి కూర్చుండవచ్చును. దీనికి ఏ వైద్యుడును కోపగించుకొనడు. రోగి అలవాటు పడుట తన పనికిని మేలేయని ఆయన యెరుగును.

పన్ను తీయవలసి వచ్చినపుడు ముందు చిగురుపై మొద్దుబార్చు మందు పూయవచ్చును. తరువాత సన్నని సూదితో మందును నెమ్మదిగా ఎక్కింతురు. చీమ కుట్టినట్లు ఒక్క క్షణము తెలియును. కొన్ని నిమిషములకు పెదవి, బుగ్గ బరువెక్కి వాచినట్లు తోచును. అద్దములో చూచుకొన్నచో వాపేమియు ఉండదు. తరువాతి విషయము జాగ్రత్తగా గ్రహింపవలెను. మత్తుమందు నొప్పిని తీయును గాని స్పర్శను పూర్తిగా తీయదు. నొక్కినట్లు, లాగినట్లు, కదలించినట్లు తెలియును. ఎముకలో కరకరమను శబ్దమును వినవచ్చును. దీనిని చూచి "మందు పనిచేయలేదు" అని బెదరువారు కలరు. నొక్కుడు వేరు, నొప్పి వేరు. నిజముగా నొప్పియే తెలిసినచో ఓర్చుకొనవలసిన పని లేదు. ఎడమ చేయి పైకెత్తుడు. పని మొదలుపెట్టక ముందే "నేను చేయి యెత్తినచో ఆపవలెను" అని వైద్యునితో ఒప్పందము చేసికొనుడు. ఈ చిన్న ఒప్పందమున ఎంత బలమున్నదో అనుభవించినవారికి తెలియును. చాలమంది ఒకసారి చేయి యెత్తి, వైద్యుడు నిజముగా ఆపుటను చూచి, ఆ తరువాత మరల ఎత్తరు.

మన గీత కార్మికునికి చేసినదియు ఇదియే. అతని చేతికి చిన్న అద్దము నిచ్చి, ప్రతి పనిముట్టును చూపి, పేరు చెప్పి, తరువాతనే నోటి దగ్గరకు తెచ్చిరి. చెప్పుట, చూపుట, చేయుట అను ఈ పద్ధతి 1959లో పిల్లల కొరకు ప్రచారమునకు వచ్చినది. పెద్దలలోని పిల్లవానికిని అది పనిచేయును.

ఖాళీ కడుపుతో రాకుడు. ఆపరేషనని తలచి ఉదయము నుండి నీరైన త్రాగక వచ్చి, కుర్చీలో కూర్చుండగనే కండ్లు తిరిగి పడిపోవువారు ఎందరో. సూది వలన కండ్లు తిరిగినవని వారును, చూచినవారును అనుకొందురు. నిజమునకు ఆకలియు భయమును కలిసి చేసిన పని యది. పూర్తి మత్తు ఇచ్చి చేయు చికిత్సకైనచో మాత్రము ఎప్పటి నుండి తినరాదో వైద్యుడు ముందే చెప్పును. వీలైనచో ఉదయపు వేళకు రండు. సాయంకాలము వరకు వేచి భయమును పెంచుకొనకుడు. తోడుగా ధైర్యము గల మనిషిని తెచ్చుకొనుడు, తన పాత కథలు చెప్పు మనిషిని గాదు. మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు, మందుల సరిపడమి, గర్భము ఉన్నచో తప్పక చెప్పుడు. రక్తము పలుచబడుటకు మందు వాడువారు దానిని తమంత తాము ఆపరాదు. చెప్పినచో వైద్యుడే తగిన యేర్పాటు చేయును. ఇంత చేసినను భయము తీరనివారికి నవ్వు వాయువుతోనో, ఇతర మందులతోనో మనస్సును శాంతపరచి చికిత్స చేయు ఏర్పాటులు పెద్ద ఆసుపత్రులలో గలవు.

కొన్ని అపోహలు

పై పన్ను తీసినచో కంటిచూపు పోవునన్న మాట మన దేశమంతట వినబడును. చూపునకు సంబంధించిన నరము మెదడు నుండి వచ్చు రెండవ నరము. పండ్లకు పోవునది ఐదవ నరము. రెండును వేరు వేరు మార్గములు. పన్ను తీయుటకు రెండవ నరముతో పనియే లేదు. ముదుసలి వయస్సులో పండ్లు ఊడుటయు, కంటిలో శుక్లము వచ్చుటయు ఒకే కాలమున జరుగుటచే ఈ నమ్మకము పుట్టియుండవచ్చును.

పండ్లు శుభ్రము చేయించినచో కదలిపోవునన్నది మరొకటి. పండ్లకు పట్టిన గార చిగుళ్ళను వాపించి, ఎముకను మెల్లగా తినివేయును. వదులైన పండ్లను ఆ గారయే సిమెంటువలె పట్టియుంచినట్లు తోచును. దానిని తీయగనే సందులు తెలియును, కొన్నాళ్ళు చల్లని నీరు జివ్వుమనును. కదలికకు కారణము గార. తీసిన చేయి కాదు.

పిప్పిపన్నులో పురుగున్నదని చెప్పి, గింజల పొగ వేసి, పళ్ళెములో పురుగులను రాల్చి చూపువారు సంతలలో ఇప్పటికిని కలరు. పంటిని తినునది కంటికి కనబడు పురుగు కాదు. తీపి పదార్థములను పులియబెట్టి ఆమ్లము పుట్టించు సూక్ష్మజీవులే పుచ్చునకు కారణము. పొగతో అవి పోవు. మార్గము ప్రక్కన చాప పరచి పన్ను పీకువారికి చూపించుకొనుట మరియు ప్రమాదకరము. చట్టము ననుసరించి రిజిస్టరులో పేరు నమోదు గలవారే ఈ వృత్తి చేయదగినవారు. పనిముట్లను ఆటోక్లేవు అను ఆవిరి యంత్రములో శుద్ధిచేసితిరా యని అడుగుటకు సంకోచింపకుడు. మంచి వైద్యుడు ఆ ప్రశ్నకు సంతోషించును.

ఖర్చును గూర్చిన భయమునకు సమాధానము ప్రభుత్వ ఆసుపత్రులును, దంతవైద్య కళాశాలలును. కలకత్తాలో 1920లో డాక్టర్ రఫీయుద్దీన్ అహమ్మద్ స్థాపించిన కళాశాలతో మన దేశమున ఈ విద్య వేళ్ళూనినది. హైదరాబాదులో ప్రభుత్వ దంత కళాశాల గలదు. ఇట్టి చోట్ల స్వల్ప వ్యయముతో చికిత్స జరుగును. ఒకింత సేపు వేచియుండవలసి వచ్చుట నిజమే.

ఆలస్యము కూడని సమయములు

దవడ క్రిందనో మెడకో వాపు దిగుట, నోరు తెరచుటకు గాని మ్రింగుటకు గాని కష్టమగుట, జ్వరము, ఊపిరి ఆడకుండుట: ఈ లక్షణములు కనబడినచో తెల్లవారు వరకు ఆగక పెద్ద ఆసుపత్రికి పోవలెను. ఇట్టి వాపు ప్రాణాంతకము కాగలదు. వాపు పైన వేడి కాపడము పెట్టరాదు. నొప్పి మాత్రను చిగురుపై ఉంచి అదిమి పట్టుకొనువారు కలరు. అది చిగురును కాల్చును. లవంగనూనె కొంతసేపు ఉపశమింపజేయునే గాని పుచ్చును మాన్పదు.

గీత కార్మికునికి ఆ దినము చీమును వెడలించి మందులిచ్చిరి. మూడవ దినమున కన్ను తెరువబడెను. వారము గడచిన పిమ్మట పన్ను తీసిరి. కూర్చున్నది మొదలు లేచువరకు పట్టినది ఇరువది నిమిషములు. అందులో సగము మందు పట్టుటకు వేచిన సేపు. అతడు ఒకే ఒకసారి చేయి యెత్తెను. ఏమని యడుగగా, ఊరకనే ఆపుదురో లేదో చూచితినని చెప్పెను. దూదిని ముప్పావుగంట కరచి పట్టుకొనుమనియు, ఆనాడు ఉమ్మివేయుటయు పుక్కిలించుటయు మానుమనియు, బీడీ ముట్టవలదనియు చెప్పి పంపిరి.

మూడు నెలలకు అతడు మరల వచ్చెను, వెంట ఏడేండ్ల కుమార్తెతో. ఆ పిల్లకు నొప్పి లేదు, పుచ్చు లేదు. ఏమి పనియని అడుగగా, "ఊకెనే చూపిద్దామని తెచ్చిన" అనెను. పిల్ల కుర్చీ నెక్కి, అది పైకి లేచుచుండగా నవ్వెను; నీటి తుంపరను తన అరచేతిపై వేయించుకొని మరల వేయుమనెను. క్రొత్తగా వచ్చిన దవడ పండ్లపై లోతైన గాళ్ళుండుటచే, వానిలో అన్నము చిక్కి పుచ్చకుండునట్లు పూత వేసిరి. సూది లేదు, మర లేదు. తండ్రి ప్రక్కన నిలిచి, ఒక్కొక్క పనిముట్టు పేరును వైద్యునికంటె ముందుగా తానే కూతురికి చెప్పుచుండెను.